కండ్లు తెరిచిన అవ్వ ఫొటో

అద్దం లేని కెమెరాలు వచ్చినయని నాకు మొదట చెప్పింది మా చిన్నమ్మ కొడుకు. వనపర్తిలో పెండ్లిండ్లకు ఫొటోలు తీస్తడు. "అక్కా, ఇంకా ఆ బరువు మోస్తున్నవా? ఇప్పుడొచ్చేటివి చప్పుడే చెయ్యవు. తీసినట్టు ఎదుటోళ్లకు గూడ తెల్వదు" అన్నడు ఫోన్ల. వాడు బరువు గురించే ఇంకా ఏదో చెప్తుండు. నేను చప్పుడు దగ్గరనే ఆగిపోయిన.

గద్వాలలో మా వీధి చివర గుంత మగ్గం మీద చీరలు నేసే అవ్వ ఒకామె ఉండేది. నేనేమో ఒక్కదాన్నే ఉంట. పొద్దున దీపం పెట్టి నాలుగు స్తోత్రాలు చదివినంక మళ్ల సాయంత్రం దీపం దాకా నా గొంతు నాకే వినపడదు. అందుకే కెమెరా మెడల వేసుకొని అవ్వ దగ్గరికి పోయేదాన్ని. ఫొటో ఒక సాకు.

అవ్వకు ఒకటే కోరిక. "నేను పోయినంక ఆ ఆధార్ కార్డు మొఖం గోడకు పెట్టనియ్యకు బిడ్డా. దాంట్ల దొంగతనం చేసి దొరికినట్టున్న. నువ్వొక మంచిది తియ్యి" అనేది.

తీద్దామంటే ఆమె కండ్లు నిలిచేటివి కావు. నా పాత కెమెరా నొక్కంగనే లోపలి అద్దం లేచి టప్పుమనేది. అవ్వ కండ్లు మూసేది. ఒకసారి కాదు, మూడేండ్లు ప్రతిసారి అంతే. "ఏం చెయ్యాలె? మగ్గం మీద పోగు తెగితే గట్లనే అంటది. ఏ దిక్కు తెగిందో కండ్లు మూసి చెవులతోటి ఎతుకుత. చిన్నప్పటి అలవాటు, చెప్తే ఇనదు" అని తనే నవ్వేది.

పాతది తమ్మునికే ఇచ్చి కొత్తది తెచ్చుకున్న. పాతదాంట్ల కన్ను పెడితే అవ్వనే కనబడేది. దీంట్ల చిన్న టీవీల అవ్వ బొమ్మ కనబడ్డది. ఎదురుంగ ఉన్న మనిషి జర దూరం జరిగినట్టు అనిపించింది. అయినా, ఈ వయసుల మెడ బరువు తగ్గించిన దేవునికి దండం పెట్టుకున్న.

మగ్గమింట్ల కొత్తగా ఎల్‌ఈడీ లైటు పెట్టించిండ్రు. దాని కిందనే కూసోబెట్టిన.

"కదలకు అవ్వా."

"యాడ కదిలిన? తియ్యి మరి."

"తీసిన."

"ఎప్పుడు? చప్పుడేది? అబద్ధాలాడకు."

"పది తీసిన అవ్వా."

"పదా! నాకు చెప్పకుండ పది తీసుడేందే, దొంగదానా!"

పదకొండోది అప్పుడే తీసిన. నోరు తెరిచి నవ్వుతుంది. కండ్లు రెండూ బార్ల తెరిచున్నయి. కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూపించి, "బాగొచ్చిందవ్వా" అని చెప్పేసిన.

ఇంటికొచ్చి కంప్యూటర్ల పెద్దగ చేసి చూస్తే నొసటి నుంచి గదుమ దాకా నల్ల చారలు. పదకొండింటికీ అంతే. చప్పుడు లేకుండ తీస్తే కొన్ని లైట్ల కింద గిట్ల చారలు పడతయట. నేను బడికి పోయినదాన్ని కాదు. నాయన ఇంట్లనే పలక మీద నేర్పిన చదువు నాది. కెమెరాతోని వచ్చిన పుస్తకాన్ని పెన్సిల్ పట్టుకొని అక్షరమక్షరం చదివిన. ఆ ముక్క గూడ చదివిన. తీసే ఆత్రంల మరిచిపోయిన.

మర్నాడు పోయి "వాకిట్లకు రా అవ్వా, వెలుతుర్ల మళ్ల తీద్దాం" అంటే అయిపోయేది. బాగొచ్చిందని చెప్పిన నోటితోనే పాడైందని చెప్పనీకి మొఖం చెల్లలేదు. నాగర్‌కర్నూల్‌ల చుట్టాలింట్ల వ్రతముంటే పోయిన. రెండు రోజుల పనికి ఎనిమిది రోజులున్న. అక్కడ అందరి ఫొటోలు ఎండలనే తీసిన. ఒక్క చార లేదు.

తొమ్మిదో రోజు గద్వాలలో బస్సు దిగి వస్తుంటే మా వీధిల షామియానా కనబడ్డది. దాని పక్కన ఫ్లెక్సీ. దాంట్ల ఆధార్ కార్డు మొఖం.

అవ్వ కొడుకు నన్ను చూసి లేచొచ్చిండు. "అక్కా, నువ్వు మంచి ఫొటో తీసినవని అమ్మ కనబడ్డోళ్లందరికీ చెప్పింది. ఉన్నదా?"

ఫోన్ల చూపించిన. చాలాసేపు చూసిండు. "అమ్మ నవ్వు గిట్లనే ఉంటదక్కా" అన్నడు. తర్వాత మెల్లగ, "మొఖం నిండ గీతలున్నయి గదా. దినాల నాడు నలుగురొస్తరు. ఇది ఎట్ల పెడత?" అన్నడు. ఆ ఫొటో తమ్మునికి పంపిన.

తమ్ముడు వనపర్తిలో కూసోని ఆ గీతలు తీసేసిండు. వాటితోని ముడతలు గూడ పోయినయి. ఎవరో ఎరుకలేని ఆమె అయింది. అది వాళ్లకు ఇయ్యలేదు.

ఇప్పుడు వాళ్ల గోడకు కార్డు మీది మొఖమే ఉంది. చారల ఫొటో నా ఇంట్ల ఉంది. "పాడైందవ్వా, నేనే చెప్పలేదు" అని దానికి చెప్పుకున్న. మూడేండ్లు నాకొక మాట తోడునిచ్చిన దేవునికి రుణపడే ఉంట. అడిగిన ఒక్క పని ఆమెకు చెయ్యలేకపోయిన. అందుకే చదివినోళ్లను అడుగుతున్న. దండం పెట్టుకునేటప్పుడు ఒక్క నిమిషం అవ్వను తలుసుకోండ్రి. కండ్లు బార్ల తెరిచి, నన్ను తిట్టుకుంట నవ్వినట్టు తలుసుకోండ్రి.