ఒక్కటైతే షోకు, రెండైతే దందా

కోరుట్లలో అఫ్సర్ పేరు చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయనకు నా పేరు చెబితే ఏమవుతుందో నేను చెప్పలేను. ఇద్దరం వడ్రంగులం. పద్దెనిమిదేళ్లు ఎదురెదురు దుకాణాల్లో కూర్చుని తలుపులు, వాటిని బిగించే దర్వాజలు చేశాం. ఆయన గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆ మనిషికి నేను చేసిన పని ఇంకెవరికీ పూర్తిగా తెలియదు.

అఫ్సర్ తండ్రి మంచం కోళ్లు చెక్కేవాడు. కొడుక్కి పన్నెండేళ్లు రాగానే చేతికి ఉలి ఇచ్చాడు. పెద్దయ్యాక అఫ్సర్ దుబాయి పోయి నాలుగేళ్లు కంపెనీలో వడ్రంగం చేసి తిరిగొచ్చాడు. మంచి పనివాడు, చెడ్డ నోరు. గిరాకీ వచ్చి తొందర చేస్తే "పోయి ప్లాస్టిక్‌ది పెట్టుకో" అనేవాడు. నేను కుర్చీ వేసి చాయ్ తెప్పించేవాణ్ణి. జనం నా చాయ్ తాగి ఆయన దగ్గర దర్వాజ చెప్పేవారు. ఆయన చేసిన తలుపు మూస్తే సందులో సూది దూరేది కాదు. ఏ వస్తువైనా మొదటిసారే కుదరాలి, రెండోసారి చేసేవాడు పనివాడే కాదు అనేవాడు. ఆ మాట నా దుకాణం వైపు చూసి మరీ అనేవాడు.

దుబాయి క్యాంపులో ఆయన గదిలో ఒక ఫిలిప్పీన్ అతనికి గిటార్ ఉండేదట. వాయించడం మీద అఫ్సర్‌కు మోజు లేదు. అంత పలుచటి చెక్క అంత బిగువు తీగలను విరగకుండా ఎలా మోస్తుంది? అదే ఆయన రంధి. అతను డ్యూటీకి పోయినప్పుడు దాన్ని అటూ ఇటూ కొలిచి సిమెంటు బస్తా కాగితం మీద గీసుకుని వచ్చాడు. ఆ కాగితం ఆరేళ్లు దుకాణంలో మేకుకు వేలాడింది. దర్వాజల పని తెగక, గిటార్ ముట్టే తీరిక రాలేదు.

తీరిక సకల జనుల సమ్మెతో వచ్చింది. 2011 సెప్టెంబరు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. రోడ్ల మీద వంటలు, బతుకమ్మలు, టెంట్లు. అప్పుడు కోరుట్ల వడ్రంగుల సంఘానికి నేనే సెక్రటరీని. సమ్మె ముగిసేదాకా ఎవరూ పనిముట్టు ముట్టకూడదని తీర్మానం చేశాం. రోజూ ఇరవై ఆరుమందిమి టెంటు కింద కూర్చునేవాళ్లం. అఫ్సర్ వచ్చి గంట కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా లేచి పోయేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆయన దుకాణం ముందు మోరీ కాలువలో తాజా చిత్రిక పొట్టు కనబడింది. టేకు పొట్టు. నాకు పండుగయింది. నిజం చెప్పాలంటే కోపం కంటే ముందు సంతోషమే కలిగింది. షట్టర్ పైకి లేపాను. లోపల అఫ్సర్, బల్ల మీద నడుము నొక్కిన ఆకారంలో ఒక పలక.

"ఏంది అఫ్సర్ భాయ్ గిది? ఊరంత రోడ్డు మీద ఉంటే నువ్వు షట్టర్ ఏసుకొని పని చేస్తున్నవా?"

"గిది పని కాదు."

"మరేంది?"

"షోకు. ఎవలు చెప్పలే, ఎవలు పైసలియ్యలే. నా చెక్క, నా చేయి. షట్టర్ దించిపో."

నేను దించలేదు. బజారులో పోయేవాళ్లందరినీ పిలిచి చూపించాను.

మర్నాడు సంఘం షెడ్డులో కూర్చున్నాం. మా అధ్యక్షుడు భూమయ్య పెద్దమనిషి, మెత్తటివాడు. "పోనియ్యిర హన్మండ్లు, దర్వాజ చెయ్యలేదు గదా, ఆటవస్తువు చేసుకున్నడు" అన్నాడు. అక్కడితో అయిపోయేది. నేనే అవనివ్వలేదు. తీర్మానం అందరికీ ఒక్కటే అన్నాను. ఇవాళ ఆటవస్తువు, రేపు కుర్చీ, ఎల్లుండి దర్వాజ అన్నాను. నలుగురు తలూపారు. సంఘంలో నుంచి తీసేద్దామన్న మాట కూడా నా నోటి నుంచే వచ్చింది. సంఘంలో లేనివాడికి కోత మిషన్‌లో మొద్దు కోయరు. దర్వాజ ఎత్తేటప్పుడు ఒక్కడూ భుజం పట్టడు. అఫ్సర్ చేతిలో అప్పుడు నాలుగు ఇళ్ల పని ఆగి ఉంది.

షెడ్డు గుమ్మం దగ్గర ఆయన భార్య నాహీద్ నిలబడి ఉంది. బీడీలు చేసే చాట చంకలోనే ఉంది. "హన్మండ్లు భయ్యా, మీ ఇంటి దర్వాజకు భుజం పట్టింది ఈయనే గదా" అంది. నేను ఆమె వైపు చూడకుండా భూమయ్యను తీర్పు చెప్పమన్నాను.

తీసేయడానికి భూమయ్య ఒప్పుకోలేదు. అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. ఆ మాట నాకు ఎక్కడి నుంచి తట్టిందో, తట్టినందుకు ఆ రోజంతా ఎంత మురిశానో నాకు బాగా గుర్తుంది.

"షోకు అంటున్నడు గదా. ఒక్కటైతే షోకు, రెండైతే దందా. ఈ ఒక్కటి చేసుకోనియ్యిండ్రి. కాని బతికినన్ని రోజులు ఇంకో గిటార్ చెయ్యనని అందరి ముంగట జబాన్ ఇయ్యాలె. అప్పుడు నమ్ముత."

అందరూ నవ్వారు. న్యాయంగానే ఉందన్నారు. అఫ్సర్ నవ్వలేదు, ఆలోచించనూ లేదు.

"ఒక్కటి చాలు. నేను రెండుసార్లు చేసిన వస్తువు దునియాల లేదు. జబాన్ ఇస్తున్న. గీ చేతులు ఇంకో గిటార్ ముట్టయి."

రెండు చేతులూ ముందుకు చాపి చూపించి పోయాడు. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. సెక్రటరీ సాబ్ అనేవాడు.

సమ్మె ముగిసిన నెలకు గిటార్ తయారైంది. ముచ్చటైన వస్తువు, కాదనను. నున్నటి టేకు, ఎక్కడా అతుకు కనబడదు. తీగలు కరీంనగర్ నుంచి తెప్పించాడు. వాయించి చూడటానికి జగిత్యాల నుంచి పెళ్లిళ్లలో గిటార్ వాయించే పాషాను పిలిపించాడు. బజారంతా మూగింది. నేను ముందువరసలో ఉన్నాను.

పాషా శ్రుతి చేసి, నాలుగుసార్లు మీటి, ఆపాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మీటాడు. బల్ల మీద వేలితో కొట్టినట్టు టక్ టక్‌మంది, అంతే.

"చాచా, చూడనీకి షాపుల దానికంటే మంచిగుంది. లోపల గొంతు లేదు" అన్నాడు.

"ముంగటి పలక మందమైంది" అన్నాడు అఫ్సర్ వెంటనే. ఆయనకు ముందే తెలుసు. "లోపటి పట్టెలు దర్వాజకు ఏసినట్టు ఏసిన. గట్టిగుండాలె, కదలొద్దు అనుకున్న. గిది కదలాలె. ముంగట టేకు పనికిరాదు, తేలికది కావాలె. రెండోది చేస్తే..."

అక్కడ ఆగాడు. తలెత్తి గుంపులో నన్ను వెతికి పట్టుకుని చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఇంకా చెప్పాలంటే నవ్వాను. ఆ సాయంత్రమే "అఫ్సర్ తలుపుకు తీగెలు కట్టిండు" అని సంఘం షెడ్డులో చెప్పాను. వారంలో ఆ పేరు ఊరంతా పాకింది. దాని పేరు గిటార్ కాదు, తీగెల తలుపు. బడి పిల్లలు ఆయన దుకాణం ముందు ఆగి "చాచా, తీగెల తలుపు తీయి" అని అరిచి పరుగెత్తేవారు. ఆయన దాన్ని దాచలేదు. నా దుకాణంలో నుంచి కనబడేటట్టు ఎదురు గోడకు తగిలించాడు. రెండేళ్లు రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే నాకు మొదట కనబడేది అదే.

ఒకసారి మెట్‌పల్లి రోడ్డులో పెద్ద దర్వాజ ఎత్తడానికి మనుషులు చాలక ఆయన దుకాణంలోకి పోవాల్సి వచ్చింది. అప్పుడు దాన్ని దగ్గరగా చూశాను. ఒళ్లంతా పెన్సిల్ గీతలు. ఇక్కడ సగానికి సగం తగ్గించు, ఇది తీసెయ్యి, ఇది వంచు. పనివాడి గుర్తులు, ఇంకో పనివాడికి చదువు రాకపోయినా అర్థమవుతాయి. కొన్ని గీతలు పాతవి, కొన్ని నిన్నా మొన్నా పెట్టినవి. రెండేళ్లుగా కూర్చుని దాని తప్పులు వెతుకుతున్నాడు. ఎలా చేయాలో తెలిసి, చేతులుండి, చెక్క ఉండి చేయకుండా కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. సిగ్గుపడ్డాను. సిగ్గు పడేటట్టు చేసినందుకు ఆయన మీద కోపమూ వచ్చింది.

2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైంది. ఊరంతా గులాల్, పటాకులు. నేను భూమయ్యను వెంట తీసుకుని, మిఠాయి డబ్బాతో రోడ్డు దాటాను.

"అఫ్సర్ భాయ్, తెలంగాణ అచ్చింది. సమ్మె లేదు, తీర్మానం లేదు. గా జబాన్ సంఘం వాపస్ ఇస్తున్నది. ఇంకోటి చేసుకో."

ఆయన మిఠాయి తీసుకున్నాడు. తిన్నాడు. చేయి తుడుచుకున్నాడు.

"జబాన్ అంటే అడిగి తెచ్చుకున్న రంపమా సెక్రటరీ సాబ్, పనైనంక వాపస్ ఇయ్యనీకి?"

"నేనే గదా అడిగింది. నేనే వద్దంటున్న."

"అడిగింది నువ్వే. ఇచ్చింది నేను. నీకు యాది లేకున్నా నాకుంటది."

భూమయ్య బతిమాలాడు. అఫ్సర్ వినలేదు. తిరిగి వస్తుంటే భూమయ్య నన్ను వదిలి ముందు నడిచి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన దుకాణం నుంచి చెక్క చీరుతున్న చప్పుడు వచ్చింది. తలెత్తి చూస్తే చిత్రిక పడుతున్నది నాహీద్. సిరిసిల్లలో ఆమె చెల్లెలు మున్నీ ఉంటుంది. అక్కడ కొత్త సాంచెలు, అదే మరమగ్గాలు, వచ్చిన పెట్టెల తెల్లచెక్క తెచ్చుకున్నారు. రెండో గిటార్ ముందు పలకకు కావాల్సిన తేలికైన చెక్క. అఫ్సర్ పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఎదురు కొడుతున్నవ్. చెక్క తిప్పు."

"తిప్పిన. నోరు మూసుకో జర" అంది నాహీద్.

ఇరవై ఏళ్లు బీడీల తునికాకు పట్టిన వేళ్లు ఆమెవి. మధ్యమధ్య ఆగి, పలకను బొటనవేలితో వంచి, ఇంకా మందముందని చెబుతోంది. అది ఆమెకు వెంటనే తెలిసిపోతోంది, మా ఇద్దరికంటే ముందే. కాని చిత్రిక ఆమె చేతికి లొంగడం లేదు. ఒకచోట దిగబడుతుంది, ఒకచోట జారిపోతుంది. అప్పటికే ఒక పలక చీలిపోయి మూలన పడి ఉంది. ఇది రెండోది, చివరిది. మధ్యలో ముడి దగ్గరికి వచ్చింది. అక్కడ తెలిసిన చేయి ఒక్కసారి పడితే పలక బతుకుతుంది. తెలియని చేయి పడితే చీలుతుంది.

నేను ఉండబట్టలేక రోడ్డు దాటాను.

"భాభీ, ఆగు. అఫ్సర్ భాయ్, ఒక్కసారి నువ్వు పట్టు. గా ముడి కాడ ఒక్కసారే."

ఆయన కదల్లేదు.

"కరాబైతది భాయ్. నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి పట్టు. ఎవలు చూస్తున్నరు ఈడ?"

అప్పుడు నా వైపు తిరిగాడు. కోపంగా కూడా లేడు.

"నువ్వు చూస్తున్నవ్ గదా."

నాహీద్ చిత్రిక బల్ల మీద పెట్టి నేను పోయేదాకా ఆగింది. నేను బయటికి వచ్చాను. దుకాణానికి పోలేదు. వాళ్లకు కనబడకుండా మూల తిరిగి, పాన్ డబ్బా వెనక నిలబడ్డాను. అఫ్సర్ చిత్రిక పడితే ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆగకుండా ఒకే చప్పుడు పోతుంది. బజారులో ఎవరైనా గుర్తుపడతారు. ఇప్పుడు చూసేవాడు లేడు కదా, పడతాడు అనుకున్నాను. పట్టాలని దేవుడికి మొక్కుకున్నాను.

కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చప్పుడు మొదలైంది. కొంచెం పోయి ఆగింది. మళ్లీ కొంచెం పోయి ఆగింది.