పక్క చూపించకూడని ఓడ

అన్నయ్య సముద్రంమీద చేపల వేటకెళ్లేటప్పుడు బటన్ల ఫోనే పట్టుకెళ్తాడు. ఉప్పుగాలికి పాడవుతుందని పెద్ద ఫోను అనకాపల్లిలో, అమ్మా నేనూ ఉండే అద్దె ఇంట్లో వదిలేస్తాడు. అందులో తను ఆడే యుద్ధనౌకల ఆట ఉంది. రోజుకొక్కసారైనా తన ఓడను బయటికి తియ్యమని నాకు పురమాయింపు.

ఆ ఓడ ప్రపంచయుద్ధం నాటి లైట్ క్రూయిజర్, అంటే తేలికరకం యుద్ధనౌక. ఫిరంగులు చిన్నవే కానీ గబగబా పేలతాయి. పరుగు ఎక్కువ, ఒంటిమీది ఇనుము పలచన. పెద్ద ఓడకు పక్క చూపించిందా, ఒక్క దెబ్బకే సగం ప్రాణం పోతుంది. ఫిరంగి పేల్చకుండా ఉంటే మాత్రం బాగా దగ్గరికొచ్చేదాకా ఎవరికీ కనబడదు. నాకు నచ్చింది ఈ చివరి గుణమే. క్లాసులో కూడా నేను గోడవారనే కూర్చుంటాను.

నిజం క్రూయిజర్లలో వందలమంది ఉండేవారని చదివి, "ఇందులో మనుషులెంతమంది?" అని ఓసారి అన్నయ్యని అడిగాను.

"మనుషులుండరే. అందుకే ములిగినా మళ్ళీ రేవులో ఉంటాది. మన బోటూ ఇలాగుంటే బాగుణ్ణు," అని నవ్వాడు.

మొన్న రాజయ్యపేట తీరం నుంచి వెళ్లిన అన్నయ్య వాళ్ల బోటు చెప్పిన పొద్దుకి రాలేదు. గాలి లేచింది. తోటి బోట్లన్నీ వచ్చేశాయి. ఫోను కలవడం లేదు. అమ్మ చేపలమ్మడానికి బజారుకు వెళ్లలేదు. మనిషి సముద్రంమీద ఉంటే మా ఇంట్లో గిన్నె బోర్లించరు. తోమినవన్నీ వంటింటి గట్టుమీద మూతి పైకే ఉన్నాయి.

చేతులు ఊరుకోక ఆట తెరిచాను. మలుపు తిరుగుతుంటే ఓడ పక్క కనబడి, దెబ్బ తగిలింది. మా జట్టు ఓడ ఇంకొకటి కళ్లెదుటే ఒరిగి, బోర్లాపడి, మునిగిపోయింది. చూస్తే అమ్మ నా వెనకే ఉంది.

"ఇలాటప్పుడు అదేనేటే సూసేది?"

"ఆటమ్మా."

"ఆటయితే ఏటి? ఒడ్డుకెట్టీ దాన్ని."

ఆట మధ్యలో ఒడ్డంటూ ఉండదు. మూసేస్తే ఓడ ఎక్కడిదక్కడే నిలబడి దెబ్బలు తింటుంది. ఒక దీవి చాటుకు చేర్చి, ఫిరంగులు ఆపేశాను. పిరికిపందా, బయటికి రా అని జట్టువాళ్లు రాశారు. ముఖం తెలియనివాళ్ల తిట్లకు కూడా నా చెవులు వేడెక్కాయి. అయినా కదల్చలేదు.

"ఉందా?" అని అమ్మ అడుగుతూనే ఉంది.

"ఉందమ్మా."

మా జట్టు ఓడిపోయింది. ఓడ మిగిలింది.

సాయంత్రం ఎవరిదో ఫోను నుంచి అన్నయ్య చేశాడు. అమ్మ విని, ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

"ఇంజనాగిపోయింది. అలకి పక్క సూపించకుండా తెడ్లేసుకుంటా కూకున్నాం. పాయకరావుపేట వైపు బోటోళ్లు తాడేసి లాక్కొచ్చేరు. నా ఓడేటయింది?"

"దాచేను."

"జట్టోళ్లు తిట్టుంటారు."

"తిట్టేరు."

అన్నయ్య గొంతు తగ్గించాడు.

"ఇంజను బాగయితే ఎల్లుండే మళ్ళీ ఎల్తాం. అమ్మకిప్పుడే సెప్పకు."

గట్టు దగ్గర అమ్మ గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి బోర్లిస్తోంది. చివరి గిన్నె బోర్లించేదాకా ఎల్లుండి మాట నేను ఎత్తలేదు.