పెళ్ళికారు మీద వాలిన తేనెటీగలు

యకావ్‌లంగ్ లోయలో జేవర్ నవ్వు తెలియని గడప లేదు. కాపురానికి వచ్చిన రోజునే, ఆశీర్వదిస్తున్న ముల్లా తలపాగా మీదికి కోడిపిల్ల ఎక్కిందని పగలబడి నవ్వింది. అత్తగారు ఆ సంగతి బతికున్నన్నాళ్ళూ దెప్పింది. అయినా జేవర్ నవ్వు తగ్గలేదు. ఐదుగురు పిల్లలు పుట్టాక ఇంకా పెద్దదైంది.

ఆ లోయలో ఎలీనా అని ఒక ఫిన్లాండు మనిషి ఏళ్ళ తరబడి ఉంటోంది. కాలువల బాగు, మంచి దుంప విత్తనం, మంత్రసానులకు శిక్షణ అంటూ ఊరూరా తిరిగేది. ఆ లోయలో ఉండే హజారాల యాసలో తిట్టడం కూడా వచ్చేసరికి అందరికీ 'ఎలీనా ఖాలా' అయిపోయింది, అంటే పిన్ని. ఒక వసంతంలో ఆమె ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, పెంచుకోవడానికి కోళ్ళు కావాలా, తేనెటీగలు కావాలా అని అడిగింది. అందరూ కోళ్ళన్నారు. జేవర్ ఒక్కతే ఈగలంది.

ఆమె మొగుడు కంబర్ నెత్తి కొట్టుకున్నాడు. "కోళ్ళైతే గుడ్లు పెడతాయి. ఇవేం పెడతాయే? వాతలు!"

"తేనె పెడతాయి. తింటే నీ మాటలకి కాస్త తీపొస్తుందేమో చూద్దాం."

జేవర్ ఎలీనా దగ్గర పని నేర్చుకుని, ఆమె ఇచ్చిన రెండు ఈగల పెట్టెలూ ఇంటి వెనక గోడవార పెట్టుకుంది. ఆ వేసవంతా కంబర్ ఎండలో కూడా దుప్పటి కప్పుకునే పెరట్లోకి వెళ్ళాడు.

మరుసటి వేసవిలో ఊరిపెద్ద కొడుకు యావర్ పెళ్ళి. ఆ ఉదయం ఒక పెట్టె ఇరుకై, సగం ఈగలు రాణిని వెంటబెట్టుకుని ఎగిరిపోయాయి. జేవర్ తలగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా వాటి వెనకే పరుగెత్తింది. అవి కాలువ దాటి, తిన్నగా పెళ్ళివారి వాకిట్లోకి వెళ్ళి, కాగితం పూలతో ముస్తాబు చేసిన కరోలా కారు అద్దం మీద గుత్తిగా వాలాయి.

లోపల పెళ్ళికొడుకు. అద్దాలన్నీ బిగించుకుని, కొత్త కోటులో ఉడికిపోతున్నాడు.

"జేవర్ అక్కా! నీ బలగాన్ని పిలుచుకోవే! నన్ను పెళ్ళికి పోనియ్యవా?" అని లోపల్నుంచే అరిచాడు.

"తొందరేముంది తమ్ముడూ? పెళ్ళయ్యాక పెళ్ళాం ఎలాగూ అరవనివ్వదు, ఇప్పుడే అరుచుకో!"

ఎలీనా కూడా పెళ్ళికి వచ్చి ఉంది. "భయపడకు, కడుపునిండా తేనె తాగి బయల్దేరాయి, అంతగా కుట్టవు. ఏదైనా చీకటి గూడు చూపించు," అంది. జేవర్ చుట్టూ చూసింది. వంటవాడు ఖాదిమ్ అప్పుడే తోమి పెట్టిన పెద్ద డేగిసా కనబడింది.

"అది పులావు డేగిసా తల్లీ! ఊరంతటికీ అదొక్కటే!" అని ఖాదిమ్ గొల్లుమన్నాడు.

అప్పటికే జేవర్ డేగిసాను అద్దం కింద పట్టి, ఒట్టి చేతులు గుత్తిలో దూర్చింది. వెచ్చగా, మెత్తగా, వేళ్ళ మధ్య గిలిగింతలు పెడుతూ పాకాయి. నవ్వు ఆగలేదు. నవ్వుతూనే దోసిళ్ళతో దింపి, డేగిసాను మెల్లగా బోర్లించి, అంచు కింద రాయి పెట్టి నీడలోకి చేర్చింది. రాణి లోపలికి చేరింది కాబోలు, మిగిలినవన్నీ వరసకట్టి దూరాయి. ఒక్కటి మాత్రం, చూద్దామని దగ్గరికొచ్చిన కంబర్ ముక్కు మీద కుట్టింది.

"చీకటి పడేదాకా కదపకూడదు," అంది ఎలీనా.

"మరి అన్నం?" అన్నాడు ఖాదిమ్.

ఊరివాళ్ళు ఇంటింటి నుంచీ గిన్నెలు, సత్తు బొచ్చెలు పట్టుకొచ్చారు. పులావు ఒక గిన్నెలో మాడింది, ఒక గిన్నెలో జావైంది. ఉడికేదాకా చేసేదేం లేక అందరూ దంబూరా తీగలు మోగుతుంటే ఆడారు. పెళ్ళికూతురు వచ్చేసరికి ఊరిపెద్ద చెప్పులు పోగొట్టుకుని గెంతుతున్నాడు. ముక్కు దుంపలా వాచిన కంబర్ అందరికంటే ముందున్నాడు.

చీకటి పడ్డాక ఈగల్ని కొత్త పెట్టెలోకి మార్చారు. అలా జేవర్‌కి మూడో పెట్టె వచ్చింది. శరదృతువులో దాని తేనె మొదటి గిన్నె కొత్త పెళ్ళికూతురికే ఇచ్చింది. తర్వాతి వసంతంలో ఎలీనా మళ్ళీ అడిగితే, కోళ్ళన్న వాళ్ళే ఈగలు కావాలని చేతులెత్తారు. పెట్టెలకు చెక్కలు కోసే పని కంబర్‌దైంది.

ఇప్పుడు జేవర్ పొరుగూళ్ళకు వెళ్ళి పని నేర్పుతోంది. కంబర్ మోటారుసైకిలు నడుపుతాడు, ఆమె ఒడిలో ఈగల పెట్టె పెట్టుకుని వెనక కూర్చుంటుంది.

"మెల్లగా పోనీ," అంటుంది ఆమె.

"వెనక అవి జుమ్మంటుంటే మెల్లగా ఎలా పోతానే!" అంటూ అతను మట్టిరోడ్డు మీద ఇంకా జోరు పెంచుతాడు.