సూయజ్ కాలువ, మా పెద్దబాపు బాయి

మా చిన్నప్పుడు... పొద్దుగూకి మగ్గాల చప్పుడు ఆగిందంటే, ప్రపంచ దేశాలకు కష్టకాలం మొదలైనట్టే!

కరీంనగర్ వైపు మాదొక మగ్గాల వాడ. మగవాళ్లంతా దర్జీ రహీం చాచా అరుగు మీద చేరేవారు. ఆ చర్చా సంఘానికి చాచాయే అధ్యక్షుడు. సంఘానికి పేరు లేదు, గుర్తింపు లేదు... కానీ అది తీర్పు చెప్పని దేశం లేదు. హైదరాబాదు నుంచి బస్సులో మర్నాటికి చేరే పేపరును చాచా పైకి చదివేవాడు. అంటే, నిన్న జరిగిపోయిన యుద్ధాన్ని మావాళ్లు ఇవాళ ఆపేవారన్నమాట...

గోడకు ప్రపంచపటం. గంజి పెట్టిన పాత పంచె మీద, అద్దకంలో మిగిలిన రంగులతో మా బాపు, అంటే మా నాన్న, గీసింది. ఆ వారం ఎరుపు ఎక్కువ మిగలడంతో ఆఫ్రికా అంతా ఎర్రబడింది. ఇంగ్లండు దగ్గరికొచ్చేసరికి రంగే లేదు.

"గిన్నేండ్లు ఏలిండ్రు గదా, ఇగ సాలు తీ" అన్నాడు బాపు.

సంఘానికి ఒక కానూను ఉండేది. అంగడి రోజు పక్షం మార్చాలి. వారమంతా ఎవరి తరఫున గొంతు చించుకున్నావో, ఆ రోజు వాళ్ల శత్రువు తరఫున వాదించాలి. అదీ మనసు పెట్టి. మొక్కుబడిగా వాదిస్తే చాచా కొలతబద్దతో మోకాలి మీద ఒక్కటిచ్చేవాడు!

ఆ యేడు సూయజ్ కాలువ గొడవ వచ్చింది. కాలువ నాదని ఈజిప్టు, కుదరదని పెద్ద దేశాలు... సరిగ్గా అప్పుడే మా ఇంట్లోనూ గొడవ. బాపు, ఆయన అన్న పెద్దబాపు వేరుపడ్డారు. పంపకంలో నీళ్ల బాయి పెద్దబాపు వాకిట్లోకి పోయింది. మాటా మాటా పెరిగి, ఆయన రెండు వాకిళ్ల మధ్య ముండ్లకంప అడ్డం పెట్టాడు.

అప్పుడు మా అవ్వకు, అదే మా అమ్మకు, నిండు నెలలు. అద్దకం నీళ్లు బాపు మోసేవాడు. ఇంటి నీళ్లు అవ్వ... వాడ చివరి బాయి నుంచి బిందె ఎత్తుకుని, దారిలో నడుము పట్టుకుని ఆగుతూ ఆగుతూ వచ్చేది.

"మీ అన్నను అడుగరాదు?" అనేది.

"కంప పెట్టినోడే తియ్యాలె. నేనెందుకు అడుగుత?" అనేవాడు బాపు.

"నీళ్లు గావాల్నంటే అడుగుమను, నోరు లేదా?" అని అటుపక్క పెద్దబాపు.

విచిత్రమేమిటంటే, అరుగు మీద అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చునేవారు. పెద్దబాపు ఈజిప్టు వైపు, బాపు పడవలు నడిపే పెద్ద దేశాల వైపు. సూయజ్ మీద భూమి దద్దరిల్లేలా కొట్లాడుకునేవారు. ఇంటి మాట మాత్రం ఒక్క ముక్క రాదు.

అంగడి రోజు వచ్చింది. చాచా ఇంకా పేపరు మడత విప్పలేదు... అరుగు ముందు నుంచి బిందెతో పోతూ అవ్వ కాలు జారింది. బిందె దొర్లిపోయింది. అవ్వ అరుగు అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది.

ఎదురు వాకిట్లో నూలు కండెలు చుడుతున్న మా పెద్దవ్వ, పెద్దబాపు భార్య, రాట్నం ఆపేసింది.

"ఓ చాచా! సూయజ్ యాడికి పోదు గని, గియ్యాల మా బాయి మీద పెట్టుండ్రి చర్చ!"

చాచా కండ్లజోడు తుడుచుకున్నాడు. "మంజూర్. కానూన్ అందరికీ ఒక్కటే. చిన్నోడా, నువ్వు మీ అన్న తరఫున మాట్లాడు. పెద్దోడా, నువ్వు తమ్ముని తరఫున."

బాపు గొంతు సవరించుకున్నాడు.

"బాయి నాదే. మా నాయిన తవ్వంగ మట్టి మోసింది నేను. తమ్ముడు గప్పుడు తొట్టెల ఉన్నడు. నీళ్లు వద్దన్ననా నేను? పంపకం నాడు నలుగురి ముంగట నన్ను దొంగ అన్నడు. గా మాట వాపస్ తీసుకుంటడేమోనని సూస్తున్న... ఇంకా సూస్తనే ఉన్న..."

చాచా కొలతబద్ద ఎత్తలేదు.

పెద్దబాపు వంతు.

"కోపంల నోరు జారిన. ఇంటిది బిందె మోస్తుంటే పానం గుంజుతుంది. పోయి అడుగుతె అన్న కాదంటడేమోనని బుగులు..." అని, లేచి నిలబడ్డాడు. "చాచా, ఇగ నాతోని గాదు. జర్ర కంప తీసొస్త."

వెనకే బాపు పరుగెత్తాడు. "ఆగు అన్నా, ముండ్లున్నయ్!"

"నేనే పెట్టిన గదరా, నాకెరుక లేదా!"

"సభ వాయిదా!" అన్నాడు చాచా, ఎప్పటికన్నా గంభీరంగా. మా తీర్మానం కోసం పెద్ద దేశాలు ఆ రోజు ఎంత ఎదురుచూశాయో పాపం...

కొన్నాళ్లకు తమ్ముడు పుట్టాడు. మొదటి స్నానానికి పెద్దబాపే నీళ్లు చేదిపోశాడు.

ఇప్పుడు ఆ తమ్ముడికీ, పెద్దబాపు కొడుకు మా అన్నకూ తల నెరిసింది. మొన్న ఎక్కడో యుద్ధం గురించి మా కుటుంబం ఫోను గ్రూపులో తిట్టుకుని, అన్న గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ప్రపంచం గుప్పెట్లోకి వచ్చింది గానీ, పక్షం మార్చమనే చాచా లేడు... ఆ అరుగు మీద అంత పెద్ద చదువు చెప్పిన ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

మీ ఊళ్లో ఏ అరుగు మీద ప్రపంచాన్ని కాపాడేవారో కింద రాయండి...

తమ్ముడూ, ఇది చదువుతున్నావని తెలుసు. ఇవాళ అంగడి రోజే అనుకో... ఒక్కసారి అన్న తరఫున మాట్లాడు.