లేచాక వాదించు

హార్బరు వైపు నుంచి ఓడ కూత వినిపిస్తే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఎవరు చెప్పినా తగ్గని గొంతు కనుక ఇంట్లోవాళ్లకి అదో వింత. తగ్గించడం నేర్పింది డాక్టర్ శారదాంబగారు.

ఎనభైల మొదట్లో, సైకాలజీ చదివి, ఇంట్లో అందరితో పేచీ పెట్టుకుని తిరుగుతున్న నన్ను ఆవిడ ఆసుపత్రి పనిలో పెట్టుకున్నారు. తలలో గడ్డలు వచ్చిన పిల్లలకి నిద్ర ఎందుకు చెడుతోందో ఆవిడ పరిశీలిస్తున్నారు. మంచాల పక్కన కూర్చుని, ఎవరు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో రాయడం నా వంతు. దీనికి ఎం.ఏ. ఎందుకని మొదటిరోజే అడిగాను.

"నోరు మూసుకుని చూడ్డానికి చాలా చదువు కావాలమ్మా" అన్నారు.

ఏ మంచం దగ్గరైనా ఆవిడ చెప్పులు విడిచి, స్టూలు లాక్కుని, జబ్బుకి ముందు ఈ పిల్ల ఎలా పడుకునేదని తల్లిని అడిగేవారు. పోర్టు కలాసీ భార్య పైడితల్లి మాత్రం జవాబివ్వలేదు. ఆమె కూతురు నూకరత్నానికి గడ్డ తీసేశారు. అయినా పిల్ల పగలంతా నిద్రమత్తుతో తూలిపోయేది. పైడితల్లి తడిగుడ్డతో మొహం తుడిచి, పొడుపుకథలు అడిగి, ఏడుస్తున్నా లేపి కూర్చోబెట్టేది. నేను 'మెలకువ' అని రాసేదాన్ని. అదేం మెలకువ!

ఒక మధ్యాహ్నం పైడితల్లి నోరు విప్పింది. "మత్తిచ్చి తీసుకెల్లినప్పుడూ ఇలాగే పడుకుందమ్మా. ఎన్నాల్లకో కల్లు తెరిసింది. మల్లీ లెగదేమోనని నానే లేపేత్తన్నాను."

డాక్టరుగారు కసురుకోలేదు. గడ్డ పెరిగిన చోటే నిద్రని నడిపే చోటు కూడా ఉందని, అది దెబ్బతిని ఈ మత్తు వస్తోందని, పిలిస్తే లేస్తుందని చెప్పారు. పిల్లని పడుకోనిచ్చి, కాసేపాగి చెవి దగ్గర మెల్లగా పిలిచారు. పిల్ల కళ్లు తెరిచి, జంతికలు అడిగి, మళ్లీ నిద్రలోకి జారింది.

"చూశావుగా. ఇక కాపలా నాది, నువ్వూ పడుకో."

పైడితల్లి మంచం పక్కన నేలమీద ఒరిగింది. నాకు మండింది. మీరే లేపి మీరే పడుకోబెడితే ఇవాళ నేను రాసినదానికి విలువేముందని మొదలుపెట్టాను.

"వాదించు. పిల్ల లేచాక."

అంతలో ఓడ కూసింది. తల్లీ కూతుళ్లలో ఎవరూ కదల్లేదు. డాక్టరుగారు ఉత్తకాళ్లతో స్టూలు మీద అలాగే ఉండిపోయారు. ఎండ కిటికీ దాటాక నూకరత్నం తనంతట తనే లేచి, మంచం మీంచి కిందికి వంగింది.

"అమ్మా, లెగు. నాను లెగిసిపోనాను."

తరవాత వరండాలో మేమిద్దరం గట్టిగానే వాదించుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

ఇప్పటికీ పక్కన ఎవరైనా నిద్రపోతుంటే మాట మధ్యలోనే ఆపేస్తాను. నేను ఓడిపోయానని ఎదుటివాళ్లు సంబరపడతారు. పడనీ, ఆ పడుకున్నవాళ్లు లేచేదాకా.