వాన నాటకానికి వేసిన లెక్క

ఎనభైల మొదట్లో అనంతపురంలో నాటకం కోర్సు విద్యార్థులకు నేను ప్రదర్శన బడ్జెట్ పాఠం చెప్పేవాడిని. నటన నేర్పేవాళ్లకు చప్పట్లు, నాకు ఆవలింతలు.

వానలు ఎగ్గొట్టిన మూడో ఏడు, ఉరవకొండ దగ్గర ఒక ఊరివాళ్లు విరాటపర్వం ఆడమని వచ్చారు. అది ఆడితే వాన పడుతుందని మా వైపు నమ్మకం. చందా చాలా తక్కువ పోగైంది. విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు కూడా ఒలుచుకు తిన్న ఇళ్లవి. ఇంకా అడగడానికి నోరు రాలేదు.

ఆ చందాలోనే ఆట నడిచేలా బడ్జెట్ వేయమని విద్యార్థులకు పరీక్షగా ఇచ్చాను. మైకుసెట్టు, తెరలు, డ్రస్సుల బాడుగలు తగ్గవు. వేషాలు విద్యార్థులే వేస్తారు, ద్రౌపదికి మాత్రం ధర్మవరం నుంచి ఒక నటిని మాట్లాడాం. ఆమె డబ్బు దగ్గర లెక్క తెగలేదు. దారి నేనే చూపించాను. తాంబూలంలో కొంచెం బయానా పెట్టి, మిగతాది చదివింపుల్లోంచి తీసుకోమనండి అన్నాను. పద్యం నచ్చినవాళ్లు వేదిక దగ్గరికి వచ్చి ఇచ్చే డబ్బే చదివింపులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తాంబూలం అందుకుంటూ ఆమె అడిగింది. "వాన పడి ఆట నిలిచిపోతే నా దుడ్లు ఎవురిస్తారు సార్? మాయమ్మ ఆస్పత్రిలో ఉండాది. ఈ దుడ్లు నమ్ముకొని ఇంకో ఊరి ఆట వదులుకుంటాండా."

అందరం నవ్వాం. "ఈడ వాన యాడొస్తాదక్కా" అన్నాడొక విద్యార్థి. వాన కోసం ఆడే నాటకానికి లెక్క వేస్తూ, వాన పడితే ఏమిటన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆట రోజు సాయంత్రం ఆమె ముఖానికి రంగు వేసుకుంటుండగా గాలి లేచింది. పావుగంట వాన. తెరలు చిరిగాయి, మైకు మూగపోయింది. జనం కేకలు వేస్తూ చేల మీదికి పరుగెత్తారు. వేలు గుచ్చి చూస్తే బెత్తెడు లోతు కూడా తడవలేదు. విత్తుకోవడానికి పనికిరాని వాన. తిరిగొచ్చినవాళ్ల ముఖాలు చూడలేకపోయాం. ఆట మాట ఎవరూ ఎత్తలేదు.

మైకుసెట్టు అతను, తెరల అతను మాట్లాడుకున్న బాడుగ మొత్తం తీసుకుని వెళ్లిపోయారు. ఆమె రంగు కడుక్కుని వచ్చి నిలబడింది.

"నా సంగతేందప్పా?"

బడ్జెట్ రాసిన విద్యార్థి కాగితం తీసి చూపించాడు. "నీకు చదివింపులని రాసినామక్కా. చదివింపులు రాలేదు. సార్ చెప్పినట్టే చేసినాం."

ఆమె నా వైపు చూసింది. ఆ రోజు తీసుకున్న జీతం నా జేబులోనే ఉంది. ఇస్తే నా పాఠం తప్పని విద్యార్థుల ముందు ఒప్పుకోవాలి. చెయ్యి జేబులోకి పోలేదు. అందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. చందాలో మిగిలిన చిల్లరలోంచి ఆమెకు బస్సు చార్జీ ఇప్పించి, రసీదు మీద సంతకం పెట్టించుకున్నాను.