డెల్కో మూతలో ఊదుబత్తి

వారం రోజులుగా మా ఇంట్లో సాయంత్రం ఊదుబత్తి వెలిగిస్తే, అది మొదలంటా కాలి ఆరిపోయే ముందు, ఊదు పరిమళం కింద నుంచి ఇంకొక వాసన సన్నగా లేస్తోంది. వేడెక్కిన బేకలైటు ప్లాస్టిక్కు వాసన, దానిలో ఎప్పటిదో పెట్రోలు జాడ. ఊదుబత్తి గుచ్చింది మామూలు స్టాండులో కాదు, కాఫీగింజ రంగులో, చిన్న గిన్నెను బోర్లించినట్టుండే ఒక మూతలో. దాని నెత్తిన ఐదు గొట్టాలుంటాయి, నడుమ ఒకటి, చుట్టూ నాలుగు. పాతకాలం కార్లలో ఇంజను పక్కన ఉండి, నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా నిప్పురవ్వను పంచే సామాను మీది మూత అది. పుస్తకాల్లో ఆ సామానును డిస్ట్రిబ్యూటర్ అంటారు, మా నాయన షెడ్డులో డెల్కో అనేవాళ్లు. పగులిచ్చి బండికి పనికిరాకుండా పోయిన ఆ మూతను మా అమ్మ కడిగి, నడిమి గొట్టంలో ఊదుబత్తి గుచ్చి, ఇరవై ఏళ్లకు పైగా వాడింది. అమ్మ పోయాక అది ఆత్మకూరులో ఉన్న మా చెల్లెలు మస్తాని ఇంటికి పోయింది. నాకెందుకు రాలేదని నేను ఎవరినీ అడగలేదు గానీ, లోపల మాత్రం అడుగుతూనే ఉన్నాను. పోయిన వారం వెళ్లి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాను అనడం కంటే లాక్కొచ్చాను అంటే న్యాయంగా ఉంటుంది.

మా నాయన దస్తగిరి మేస్త్రి. కడపలో రాయచోటికి పోయే దోవలో రేకుల షెడ్డు, షెడ్డు వెనక గోడను ఆనుకునే మా ఇల్లు. మేము దూదేకులవాళ్లం, తాతల నాటి దూది పని పోయి నాయన చేతికి స్పానర్లు వచ్చాయి. షెడ్డులో పరిచిన నాపరాళ్లు ఆయిలు తాగి తాగి నల్లగా నిగనిగలాడేవి, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్లు బొబ్బలెక్కేవి. అమ్మ వంటింట్లో ఎర్రకారం నూరితే ఆ ఘాటు షెడ్డులోకి, నాయన ఇంజను రేజు చేస్తే ఆ పొగ వంటింట్లోకి వస్తూ పోతూ ఉండేవి, మీ ఇంటి దోసెల్లో పెట్రోలు వాసన వస్తుందని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు. రంజాను పొద్దున సేమ్యా పాయసం గిన్నెలను కార్ల బానెట్ల మీద వరసగా పెట్టి, లారీ డ్రైవర్లకూ పక్కనున్న టైర్ల అంగడి వాళ్లకూ పంచేవాళ్లం. పీర్ల పండుగకు నాయన తలకు నూనె రాసి దువ్వుకుని, మస్తానిని భుజాల మీద ఎక్కించుకుని, నన్ను చెయ్యి పట్టుకుని నిప్పుల గుండం దగ్గరికి తీసుకుపోయేవాడు. భుజాల మీద ఉన్నదానికి పీర్లు కనిపించేవి, నాకు జనం నడుములు కనిపించేవి. మా ఇంట్లో అన్ని విషయాల్లోనూ ఇంతేనని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మస్తాని నాకంటే మూడేళ్లు చిన్నది. దానికి నత్తి. తన పేరు తాను చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే నిలిచిపోయేది, బడిలో హాజరు పిలిచినప్పుడు దాని నోట మాట వచ్చేలోగా పంతులు ఇంకో ఇద్దరి పేర్లు దాటిపోయేవాడు. నేను క్లాసులో ఫస్టు. ఎక్కాలు, పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని, ఇంటికి ఎవరొచ్చినా నన్నే పిలిచి చెప్పించుకునేవాళ్లు. ఇన్ని ఉన్నా నాకు లేనిది ఒకటి దానికి ఉండేది. చెవి.

మా షెడ్డుకు అప్పట్లో ఎక్కువగా అంబాసిడర్లు వచ్చేవి. ఇంజను విప్పి కట్టాక ఆఖరి పని డెల్కో సెట్ చెయ్యడం. నాయన ముందు మూత తీసి, లోపలి పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, రెండు పాయింట్ల మధ్య ఎంత సందు ఉండాలో పెళ్లి పత్రిక అట్టముక్క పెట్టి చూసేవాడు. దానికి కొలత రేకులుంటాయి, ఆయన డబ్బాలో కూడా ఉండేవి, అయినా పెళ్లి పత్రికతో పెట్టిన సందు తొందరగా చెడదని ఆయన అనేవాడు, అందుకే ఊళ్లో ఎవరి పెళ్లయినా పత్రిక చివరికి మా షెడ్డు చేరేది. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేసి, డెల్కో అడుగున ఉండే బోల్టు వదులు చేసి, ఆ మొత్తాన్ని ఊరగాయ జాడీ మూత తిప్పినట్టు అరచేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పేవాడు. రవ్వ తొందరపడి ముందుగా పడితే ఇంజను ఎగిరెగిరి పడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల చిల్లర కదిలినట్టు శబ్దం వస్తుంది. ఆలస్యంగా పడితే నీరసంగా మూలుగుతుంది, ఊరికే వేడెక్కుతుంది. ఆ రెంటికీ నడుమ గోరంత చోటు ఉంటుంది. ఆ చోటు కోసం నాయన మస్తానిని పిలిచేవాడు.

“యాడ నిలపల్ల పాపా?”

మస్తాని వచ్చి, ముందు చక్రం మీది రేకుపై చెయ్యి ఆనించి, కళ్లు మూసుకునేది. నాయన చెయ్యి తిరుగుతూ ఉంటే వింటూ వింటూ ఉండి, ఉన్నట్టుండి “ఆడ” అనేది. నత్తి లేకుండా, ఒక్క తునకగా. నాయన అక్కడే బోల్టు బిగించేవాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వి, మేస్త్రి కూతురికి చెవిలో మిషను ఉందని మెచ్చుకునేవాళ్లు. నేను ఏదో ఒక పుస్తకం చేతిలో పట్టుకుని, ఇంటికీ షెడ్డుకూ మధ్య ఉన్న గడప మీద నిలబడి ఇదంతా చూసేదాన్ని. ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా తిప్పేదాన్ని కాదు.

పెద్ద పని చేసిన బండిని నాయన ఆసామికి ఇచ్చేముందు గువ్వలచెరువు ఘాటు రోడ్డు ఎక్కించి చూసేవాడు. వెనక సీట్లో ఆసామి, ముందు సీట్లో మస్తాని, ఎందుకంటే ఎత్తులో ఇంజను ఎట్లా పలుకుతోందో అది వినాలి. కొండల మీద సీతాఫలం చెట్లు ఎండి పుల్లలైన కాలంలోనూ, వానలు పడి అవే చెట్లు కాయలతో వంగిన కాలంలోనూ, ఆ ముందు సీటు దానిదే. ఘాటు మీది ఊళ్లో ఆసామి పాలకోవ కొనిచ్చేవాడు. మస్తాని తన కోవలో సగం ఆకులో చుట్టి నా కోసం తెచ్చేది. ఆ సగం కోవ తింటూ నేను లోపల పడిన ఏడుపు ఇంతా అంతా కాదు. అది ఇవ్వకుండా తినేసి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. మా జేజి, అంటే నాయన తల్లి, ఒకసారి నా మొహం చూసి, “చెల్లెలి మీద కండ్లల్లో నిప్పులు పోసుకుంటాండావు, నీకేం తక్కువయిందే?” అని అడిగింది. నాకు తక్కువైంది ఆ ముందు సీటు ఒక్కటే, కానీ అది జేజికి చెప్పలేదు.

నాకు చేతనైన దోవలో నేను పోయాను. షెడ్డులో అట్టలు ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, ఇంజను బొమ్మలతో. డిక్షనరీ పక్కన పెట్టుకుని, సగం అర్థమయ్యీ సగం కాకుండా, వేసవి సెలవులన్నీ దాన్ని చదివాను. రవ్వలు పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు అని నాయన దగ్గర ఎక్కం లాగా అప్పజెప్పాను. నాయన సంతోషపడ్డాడు, శానా బాగా చెప్పినావన్నాడు, పోయి చదువుకోమన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నేను నోరు తెరిచి అడిగాను కూడా, ఈసారి నన్ను పిలువు నాయనా అని. నీకు చదువు ఉండాది కదా పెద్దపాపా అన్నాడు. ఆ మాటను ఆయన పొగడ్తగానే అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తలుపు వేసినట్టు వినిపించింది.

ఆ తర్వాత వచ్చిన ఒక శుక్రవారం సంగతి ఇది. నాపరాళ్ల వ్యాపారం చేసే ఓబుళరెడ్డి కారు ఇంజను విప్పి కట్టారు. పొద్దున్నే మస్తాని “ఆడ” అంది, నాయన బోల్టు బిగించాడు. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు నాయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, వచ్చాక ఘాటుకు పోదామని ఆసామితో చెప్పి వెళ్లాడు. రెడ్డి రోడ్డవతల టీ అంగట్లో కూర్చున్నాడు. అమ్మా జేజీ లోపల పడుకున్నారు, మస్తాని వంటింట్లో ఉంది. నేను సన్న స్పానరు తీసుకుని, పుస్తకంలోని బొమ్మ గుర్తు చేసుకుని, బోల్టు వదులు చేసి, డెల్కోను రెండు గోర్ల వెడల్పు ముందుకు తిప్పి మళ్లీ బిగించాను. నా పథకం చెల్లెలిని ఏడిపించడం ఒక్కటే కాదు. బండి స్టార్టు కాగానే అందరికంటే ముందు నేను తప్పు పట్టుకోవాలి. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, నేనే పెట్టాను కాబట్టి. చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడిగి, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, పావుగంటకోసారి గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

నాయన వచ్చి, రెడ్డినీ మస్తానినీ షెడ్డులోకి పిలిచి, స్టార్టు చేశాడు. ఇంజను ఒకసారి వెనక్కి తన్ని, మళ్లీ అందుకుని, కుదురు లేకుండా ఎగరసాగింది. నేను గడప మీద నుంచే, “నాయనా, డెల్కో ముందుకు ఉండాది, మస్తాని తప్పు చెప్పింది” అన్నాను. నాయన ఇంజను ఆపేశాడు. నా వైపు చూశాడు. తర్వాత కారు దిగి, మస్తాని దగ్గరికి పోయి, వంగి దాని చెవిలో ఏదో చెప్పాడు. తిడుతున్నాడనుకున్నాను, నా కడుపు చల్లబడింది. మస్తాని తలూపి, రెడ్డి ముందూ మా అందరి ముందూ, తన మాటలను ఒక్కొక్కటే లాగింది.

“నే... నేనే త... తప్పు చెప్పినా నాయనా. అక్కను పిలువు.”

నాయన మళ్లీ స్టార్టు చేసి, బోల్టు వదులు చేసి నన్ను పిలిచాడు. యాడ నిలపల్ల పెద్దపాపా అని అడిగాడు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ఆ మాట వినగానే గుండె దడతో నాకు ఇంజను శబ్దమే వినిపించలేదు. మస్తాని లాగే కళ్లు మూసుకుని, తోచినప్పుడు “ఆడ” అన్నాను. ఆయన బిగించాడు. ముందు సీట్లో కూర్చుని, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని ఘాటు ఎక్కాను. బండి వెన్నలా ఎక్కింది. నాకూ చెవి వచ్చేసిందని నమ్మాను. రెడ్డి కోవ కొనిచ్చాడు. మస్తానికి సగం తేవాలని నాకు గుర్తుంది, అయినా ఘాటు దిగేలోపల మొత్తం తినేశాను.

ఇంకో మూడు నాలుగు బండ్లకు నేనే “ఆడ” చెప్పాను. ఒకరోజు కళ్లు మూసుకోవడం మరిచిపోయాను. నేను మాట అన్నాక నాయన అరచెయ్యి ఆగలేదు. ఇంకొంచెం జరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది, ఒక చోట నిలిచింది, అప్పుడు బోల్టు బిగిసింది. ఆయన ముఖంలో ఏమీ లేదు, నన్ను మెచ్చుకుంటున్నట్టే ఉన్నాడు. అంటే నాయనకు నా చెవే కాదు, ఎవరి చెవీ అవసరం లేదు, ఎప్పుడూ లేదు. మరి మస్తానిని ఎందుకు పిలిచాడు? రోజంతా మాట కోసం పెనుగులాడే పిల్ల నోట ఒక్క మాటైనా తునకగా వస్తుందని, దాన్ని పదిమంది వింటారని పిలిచాడు. అవసరం కొద్దీ పిలిచి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. ముద్దు కొద్దీ పిలిచాడని తెలిశాక నాకు ఆ ముందు సీటు కూడా చేదైపోయింది. పరీక్షలని సాకు చెప్పి మానుకున్నాను. నాయన మళ్లీ మస్తానిని పిలిచాడు. అది రాలేదు. జేజి పక్కన కుట్టుమిషను దగ్గర కూర్చుని, తల అడ్డంగా ఊపేది. తాను తప్పు చెప్పానని పదిమందిలో ఒప్పుకున్న పిల్ల, ఆ మాట మీదే నిలబడింది. మా షెడ్డులో “ఆడ” అన్న మాట మళ్లీ వినపడలేదు.

పోయిన వారం ఆత్మకూరు వెళ్లింది ఆ మూత కోసం కాదు, ఊరికే చెల్లెలిని చూడటానికి. మస్తాని ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది. పక్కింటాయన పెళ్లి ఫోటోలకు బాడుగకు ఇచ్చేందుకు పాత అంబాసిడర్ ఒకటి కొని, గులాబీరంగు వేయించి, వీధిలో పెట్టుకుని, ఫోనులో ఏదో వీడియో చూస్తూ డెల్కో తిప్పుతున్నాడు. ఇంజను ఎగురుతోంది, మూలుగుతోంది. మస్తాని మిషను ఆపింది. సూదిలో దారం అట్లాగే ఉంది. కళ్లు మూసుకుని, గుమ్మంలోంచే, “ఆడ” అంది. ఆయన చెయ్యి ఆగింది. ఇంజను కుదురుగా పలికింది. యాభై దాటిన దాని గొంతులో ఆ మాట చెక్కుచెదరలేదు, నాకు మాత్రం ఒళ్లంతా ఆ గడప మీద నిలబడినప్పుడు మండినట్టే మండింది.

ఆ మంటలోనే నోరు జారి నిజం చెప్పేశాను, ఆ శుక్రవారం డెల్కో తిప్పింది నేనేనని. మస్తాని దారం కొరికి, నాకు తెలుసక్కా, వంటింట్లోంచి స్పానరు సప్పుడు ఇన్నాను అంది. మరి నాయన నీ చెవిలో ఎందుకు తిట్టాడని అడిగాను.

“తిట్టల్యా. నాయనకూ తె... తెలుసు. ‘ఈసారి అక్కను కూచోబెట్టుకుందామా?’ అని అడిగినాడు. స... సరే అన్నా.”

సిగ్గుపడాల్సిన చోటు అది, పడ్డాను కూడా. కానీ సిగ్గు వెనకాలే పాత మంట వచ్చి నిలబడింది. వాళ్లిద్దరి మధ్యా నాకు తెలియని మాట ఒకటి ఇన్నేళ్లు ఉండింది, నాయన దాన్ని తనతో తీసుకుపోయాడు, మస్తాని దాచుకుంది. ఏం చెయ్యాలో తోచక, గూట్లో కనిపించిన మూత చూపించి, అది నాకియ్యి అన్నాను. మస్తాని సగం కాలిన ఊదుబత్తి తీసి, బూడిద దులిపి, కొంగుతో తుడిచి ఇచ్చింది. ఎందుకని కూడా అడగలేదు.

కడపలో మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. నాపరాళ్ల మీద టైల్సు వేశారు. నా కారులో డెల్కో లేదు, రవ్వ ఎప్పుడు పడాలో ఏదో కంప్యూటరు చూసుకుంటుంది, యాడ నిలపల్ల అని ఎవరినీ అడగాల్సిన పని లేదు. గువ్వలచెరువు కోవ మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది, పోయిన వారం తిరిగి వస్తూ కడపలో ఆగి కొన్నాను, సగం చుట్టి పక్కన పెట్టాను, ఎవరికని తెలియక రెండు రోజులకు నేనే తిన్నాను. మూత నా బల్ల మీద ఉంది. సాయంత్రం బత్తి వెలిగించి దాని ముందు కూర్చుంటాను. పద్యాలు, ఎక్కాలు, ఒకటి మూడు నాలుగు రెండు, నా నోటి మాటలన్నీ నాయన ఓపికగా విన్నాడు. నా చెవిలో మాత్రం ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.